కొండ ఎదురైతే తుపాను ఏం చేస్తుంది

(కాకినాడలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. చివర్లో ఒక శ్రోత అడిగిన ప్రశ్న, దానికి జవాబు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మన ఊళ్లో తుపాను అనగానే అందరూ మొదట అడిగేది ఏమిటి? "గాలి ఎంతట?" ఆ తర్వాత, "ఎక్కడ తీరం దాటుతుందట?" అవునా, కాదా? టీవీలో చెప్పేవీ ఆ రెండే. గంటకు 120 కిలోమీటర్ల గాలి, ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుంది. చదునైన డెల్టాలో బతికే మనకు ఆ రెండు ప్రశ్నలూ సరైనవే, కాదనను. కానీ నడిసముద్రంలో ఎత్తయిన కొండలున్న దీవిలో అవి చాలవు. అక్కడ ముందు అడగాల్సినవి వేరు. తుపాను ఎన్నాళ్లు దగ్గర్లో ఉంటుంది? దాని గాలి ఏ వాలుకు తగులుతుంది? ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొన్ని అంకెలు చెబుతాను. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున రీయూనియన్ అని ఒక దీవి ఉంది. ఫ్రాన్సు పాలనలో ఉంది. విస్తీర్ణం సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లాలో నాలుగో వంతు కూడా లేదు. అక్కడ ఫోక్ ఫోక్ అనే చోట 1966 జనవరి 7, 8 తేదీల్లో దెనీజ్ అనే తుపాను వచ్చినప్పుడు 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది 550 మి.మీ. చుట్టుపక్కల. అంటే అనంతపురానికి మూడేళ్లకు పైగా సరిపోయే వాన ఒక్క రోజులో పడింది! ఇన్నేళ్లయినా 24 గంటల వానకు ప్రపంచ రికార్డు అదే.

అక్కడితో అయిపోలేదు. 2007 ఫిబ్రవరిలో గామేడ్ తుపాను. అదే దీవిలో కొమెర్సాన్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర మూడు రోజుల్లో 3,930 మి.మీ., నాలుగు రోజులకు 4,800 పైనే. 1980 జనవరిలో యాసాంత్ తుపాను. అదే కొమెర్సాన్‌లో పదిహేను రోజుల్లో 6,083 మి.మీ. ఇవన్నీ ప్రపంచ రికార్డులే. పన్నెండు గంటల నుంచి పదిహేను రోజుల దాకా ఏ లెక్క తీసినా ఈ ఒక్క చిన్న దీవి పేరే వస్తుంది. నడుమ ఒక్కటే మనది, 48 గంటల రికార్డు. అది మన చిరపుంజిది. 1995 జూన్ 15, 16 తేదీల్లో 2,493 మి.మీ. అక్కడ తుపాను లేదు గానీ కొండ ఉంది. బంగ్లాదేశ్ మైదానం మీదుగా వచ్చిన తడిగాలికి ఖాసీ కొండలు గోడలా అడ్డం నిలుస్తాయి.

మరి ఆ దీవిలో అంత వాన ఎందుకు పడుతుంది? అక్కడి తుపానులు మన బంగాళాఖాతం తుపానుల కంటే బలమైనవా? కాదు. అది నేను గట్టిగా చెప్పగలను. తేడా తుపానులో లేదు, కింద ఉన్న నేలలో ఉంది.

ఆ నేల ఎలా ఉంటుందో చెబుతాను. దీవి అంతా అగ్నిపర్వతాలు కక్కిన రాయి. నడుమ పిటాన్ దె నేజ్ అనే చల్లారిన అగ్నిపర్వతం, ఎత్తు 3,070 మీటర్లు. ఆగ్నేయంలో పిటాన్ ద లా ఫుర్నేజ్, 2,632 మీటర్లు, అది ఇప్పటికీ రగులుతూనే ఉంటుంది. తీరం నుంచి శిఖరం దాకా అడ్డంగా కొలిస్తే ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. కాకినాడ నుంచి సామర్లకోట దాటి కొంచెం పోయేసరికి మూడు వేల మీటర్ల కొండ ఎక్కేసినట్టు ఊహించుకోండి. పిటాన్ దె నేజ్ చుట్టూ మూడు పెద్ద లోయలు కోసుకుపోయి ఉన్నాయి. సిలావోస్, సలాజీ, మఫాత్ వాటి పేర్లు. మఫాత్ లోయలోకి ఇవాళ్టికీ రోడ్డు లేదు. నడిచి వెళ్లాలి, లేదంటే హెలికాప్టరే. సిలావోస్‌కు రోడ్డు ఉంది గానీ దానికి నాలుగు వందల మలుపులు అంటారు. ఆ లోయల్ని అలా కోసింది ఎవరు? ఈ వానే.

మనకూ ఆ దీవికీ పాత సంబంధం ఉందని ఎంతమందికి తెలుసు? ఒకరు చెయ్యి ఎత్తారు. సంతోషం. అప్పట్లో దాన్ని బూర్బోన్ దీవి అనేవారు. 1828లో అక్కడి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా మొట్టమొదట వెళ్లిన భారతీయుల్లో తెలుగువాళ్లున్నారు, వాళ్లు ఓడ ఎక్కింది ఇక్కడికి దగ్గర్లోని యానాంలో. యానాం ఫ్రెంచివాళ్లది, దీవీ వాళ్లదే. ఆ తర్వాత పక్కనున్న మారిషస్‌కు మన కోరంగి రేవు మీదుగా వేలమంది వెళ్లారు. వాళ్ల సంతతి నేటికీ అక్కడ ఉంది, ఉగాదికి అక్కడ సెలవు ఇస్తారు. గోదావరి డెల్టా తప్ప ఎరగనివాళ్లు ఆ కొండల కింద గుడిసెలు వేసుకున్నారు. కోరంగిలో తుపాను అంటే సముద్రం ఊరి మీదకు రావడం. అక్కడ తుపాను అంటే కొండ మీంచి నీళ్లు రావడం. వాళ్లకు అది పూర్తిగా కొత్త తుపాను.

సరే, తుపాను సంగతి కాసేపు పక్కన పెడదాం. మామూలు రోజుల్లో అక్కడ ఏం జరుగుతుందో చూస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

ఏడాదిలో చాలా రోజులు అక్కడ ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది, వ్యాపార పవనాలు అని బడిలో చదువుకున్నాం, గుర్తుందా? వేల కిలోమీటర్లు వెచ్చటి సముద్రం మీద ప్రయాణించి వచ్చే గాలి. కిలో గాలిలో దగ్గర దగ్గర 15 నుంచి 20 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అది దీవి తూర్పు వాలు ఎక్కుతుంది. గాలి పైకి పోతే ఏమవుతుంది? పైన ఒత్తిడి తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబు వాల్వు నొక్కినప్పుడు బయటికొచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది కదా, అదే సూత్రం. చల్లగాలి ఆవిరిని పట్టి ఉంచుకోలేదు. ఆవిరి మేఘమవుతుంది, మేఘం వానవుతుంది. కొండ దాటి పడమటి వైపు దిగే గాలికి దీనికి సరిగ్గా తలకిందులు. దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, వేడెక్కుతుంది, మేఘాలు కరిగిపోతాయి.

ఫలితం ఏమిటి? ఆ చిన్న దీవిలో తూర్పు ఎత్తుల్లో, సాంత్ రోజ్ పైన, ఏడాదికి 10,000 మి.మీ. దాకా వాన. పడమటి తీరంలో సాన్ జీల్ దగ్గర 600 మి.మీ. కూడా పడదు. నడుమ దూరం యాభై కిలోమీటర్లు. ఒక వైపు చిరపుంజి, ఇంకో వైపు రాయలసీమ. ఇది అక్కడి జనం జీవితాన్ని ఎంతగా శాసించిందంటే, తూర్పు లోయల నీటిని పడమటి పొలాలకు తేవడానికి కొండల్ని తొలిచి సుమారు ముప్పై కిలోమీటర్ల సొరంగాలు వేశారు. 1989లో మొదలైన పని పాతికేళ్లు సాగింది. సలాజీ వైపు తవ్వుతుంటే కొండ లోపలి నీళ్లు సొరంగంలోకి ఉరికొచ్చి పని ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మనం పోలవరం గురించి, వెలిగొండ సొరంగాల గురించి మాట్లాడుకుంటాం కదా, ఇలాంటి పని కష్టం మనకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట. ఎంత ఎత్తు కొండకు అంత వాన అనుకోకండి. చాలామంది అలాగే అనుకుంటారు. వ్యాపార పవనాలు వీచే చోట రెండు, రెండున్నర కిలోమీటర్ల ఎత్తులో ఒక వెచ్చటి పొర ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, అక్కడ మాత్రం తిరగబడి వేడిగా ఉంటుంది. మేఘాలు ఆ పొరను దాటలేవు. హవాయి దీవుల్లో చూడండి. మౌనా కియా 4,207 మీటర్లు. దాని శిఖరం పొడిగా, ఎడారిలా ఉంటుంది, అందుకే అక్కడ అంత పెద్ద టెలిస్కోపులు పెట్టారు. కవాయి దీవిలో వయాలెయాలె కొండ ఎత్తు 1,569 మీటర్లే, దానికి ఏడాదికి దాదాపు 10,000 మి.మీ. ఎందుకంటే అది ఆ మూత కింద ఉంది. మేఘం అంతా దాని నెత్తినే కూర్చుంటుంది.

రెండో సంగతి, గాలి ఎప్పుడూ కొండను ఎక్కుతుందని కూడా అనుకోకండి. వ్యాపార పవనం వేగం గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్లు. అంత నెమ్మదిగా వచ్చే గాలికి మూడు వేల మీటర్లు ఎక్కే శక్తి ఉండదు. కొంత ఎక్కి, మిగతాది కొండకు రెండు పక్కలా చీలి చుట్టుకుపోతుంది. అందుకే రీయూనియన్‌లో దక్షిణాన సాన్ పియెర్ లాంటి మూలల్లో ఎప్పుడూ ఈదురుగాలి, నడుమ పడమటి తీరంలో గాలి ఆడదు. ఈ చీలిపోవడాన్ని గుర్తు పెట్టుకోండి, తుపాను దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇక గాలి పెద్దగా లేని రోజున కూడా కొండ ఊరుకోదు. పొద్దున ఆరింటికి మీరు సిలావోస్‌లో నిలబడ్డారనుకోండి. ఆకాశం కడిగినట్టుంటుంది, పిటాన్ దె నేజ్ శిఖరం, దాని పక్కన రాతి గోడలు అన్నీ కనబడతాయి. ఎనిమిదింటికి వాలు మీద ఎండ పడి రాయి వేడెక్కుతుంది, దాన్ని ఆనుకున్న గాలి పైకి పాకడం మొదలుపెడుతుంది. కింద సముద్రపు గాలి దాని వెనకే వస్తుంది. తొమ్మిది, పదింటికల్లా లోయ నోటి దగ్గర తెల్లటి చారికలు. పదకొండింటికి శిఖరం కనబడదు. మధ్యాహ్నం చినుకులు. సాయంత్రం చల్లబడి గాలి కిందికి దిగుతుంది, రాత్రికి నక్షత్రాలు. అందుకే అక్కడ కొండ ఎక్కేవాళ్లు చీకటితోనే బయల్దేరతారు. ఏ తుపానూ లేకుండా, ఏ అల్పపీడనమూ లేకుండా కొండ ఒక్కటే తయారు చేసుకునే వాన అది.

ఇప్పుడు తుపానుకు వద్దాం.

2007 ఫిబ్రవరి చివరి వారం. గామేడ్ తుపాను దీవికి వాయవ్యంగా వచ్చింది. దాని కేంద్రం దీవిని తాకనే లేదు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోనే ఉండిపోయింది. మన భాషలో చెప్పాలంటే అసలు తీరం దాటలేదు. కానీ అది చాలా పెద్ద తుపాను, చాలా నెమ్మదిగా కదిలింది, దాదాపు ఆగిపోయింది. దక్షిణార్ధగోళంలో తుపాను గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, మనకు ఎదురు. కాబట్టి వాయవ్యాన ఉన్న తుపాను గాలి దీవికి ఈశాన్యం నుంచి తగిలింది, తుపాను కదిలేకొద్దీ ఉత్తరానికి తిరిగింది. అదే వాలు మీద, అదే తడిగాలి, రోజుల తరబడి.

ఇందాక గాలి చీలిపోతుందన్నాను కదా? తుపాను గాలి చీలదు. గంటకు 90, 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలికి కొండ ఎక్కే శక్తి ఉంటుంది. పైగా ఆవిరి నీరైనప్పుడు వేడి విడుదలవుతుంది, ఆ వేడి గాలిని ఇంకా పైకి నెడుతుంది. మామూలు రోజున పక్కకు తప్పుకునే గాలి మొత్తం ఆ రోజు కొండ మీంచే పోవాలి.

ఎంత నీరు పడుతుందో మనమే లెక్క కడదాం. ఫిజిక్స్ చదివే పిల్లలు కనబడుతున్నారు, మీరూ కట్టండి. గాలి వేగం గంటకు 90 కి.మీ., అంటే సెకనుకు 25 మీటర్లు. కొండకు ఎదురుగా ఒక మీటరు వెడల్పు, రెండు వేల మీటర్ల ఎత్తు ఉన్న ఒక పట్టీ తీసుకోండి. సెకనులో దానిలోంచి పోయే గాలి 50,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.1 కిలోల చొప్పున 55,000 కిలోలు. ఆ గాలి తీరం నుంచి 2,300 మీటర్లు ఎక్కేసరికి కిలోకు ఐదారు గ్రాముల ఆవిరి నీరవుతుంది. అన్ని పొరలూ ఒకేలా ఉండవు కాబట్టి సగటున నాలుగు గ్రాములు అనుకుందాం. సెకనుకు 220 కిలోల నీరు. దాన్ని పదిహేను కిలోమీటర్ల వాలు మీద పరవండి. ఎంతొచ్చింది? గంటకు 53 మి.మీ. చుట్టుపక్కల. ఇప్పుడు కొమెర్సాన్ రికార్డును గంటలతో భాగించండి. 3,930ని 72తో భాగిస్తే గంటకు 54 పైచిలుకు.

ఇది ముతక లెక్క, అసలు జరిగేది ఇంకా చిక్కుగా ఉంటుంది, వాలంతా ఒకేలా పడదు, తుపాను తనంతట తాను కురిసే వాన కూడా దీనికి కలుస్తుంది. అయినా చూడండి, వేగం, తేమ, వాలు, ఈ మూడు తెలిస్తే రికార్డు వాన ఎక్కడి నుంచి వచ్చిందో అంచనా కట్టేయవచ్చు. కొండ ఉంది కాబట్టి గంటకు యాభై. నాలుగోది మాత్రం వేరే అంకె: ఎన్ని గంటలు? గామేడ్‌కు అది డెబ్బై రెండు దాటింది. రికార్డు అక్కడే పుట్టింది.

తుపాను వాన దీనికి కలుస్తుందన్నాను. అది ఉత్త కూడిక కాదు. పైన తుపాను మేఘం నుంచి చినుకులు పడుతుంటాయి. కింద కొండను ఆనుకుని ఇంకో మేఘం ఉంటుంది, సన్నటి బిందువుల మేఘం, ఒంటరిగా ఉంటే అది తుంపరే కురిసేది. పై చినుకులు ఈ కింది మేఘం గుండా పడుతూ దాని బిందువుల్ని కలుపుకుంటూ లావవుతాయి. కింది మేఘంలో నీటిని గాలి వెంటవెంటనే నింపుతూ ఉంటుంది. అంటే పై మేఘం నీళ్లు, కింది మేఘం నీళ్లు కలిసి నేలకు చేరతాయి. స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త టోర్ బెర్జెరాన్ దీన్ని వివరించాడు. చిన్న చిన్న గుట్టల మీద కూడా చుట్టుపక్కల కంటే ఎక్కువ వాన ఎందుకు పడుతుందో దీంతోనే తెలిసింది.

గామేడ్ పోయాక దీవిలో ఏం మిగిలింది? సాన్ ఎతియెన్ నది మీద ప్రధాన రహదారి వంతెన కూలి కొట్టుకుపోయింది. మన గోదావరి వంతెనల కింద నీళ్లు మూడు నాలుగు రోజుల ముందు నుంచి పెరుగుతూ వస్తాయి, భద్రాచలంలో ఎంత ఉందో చూసి ధవళేశ్వరంలో జాగ్రత్త పడతాం. అక్కడ ఆ వ్యవధి లేదు. కొండ మీద పడిన వాన గంటలో, రెండు గంటల్లో సముద్రంలో ఉంటుంది. ఊళ్ల మధ్య వాగులు దాటడానికి సిమెంటు కాజ్‌వేలు ఉంటాయి, వాళ్లు రేడియే అంటారు. ఎండాకాలంలో పిల్లలు ఆడుకునే చోటు. పైన వాన పడితే నిమిషాల్లో నీళ్లు పొర్లుతాయి. మోకాలి లోతే కదా అని కారు దింపినవాళ్లు కొట్టుకుపోతారు. ప్రతి తుపానుకూ అక్కడి అధికారులు ముందుగా చెప్పే మాట అదే, నీళ్లున్న రేడియే దాటొద్దని. మన దగ్గర కూడా ఏటా ఎన్ని వార్తలు చదువుతున్నాం? కాజ్‌వే మీద ఆటో, కాజ్‌వే మీద బైకు.

యాసాంత్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1980 జనవరి. అది కూడా దీవి మీదుగా వెళ్లలేదు. భయంకరమైన గాలుల తుపాను కూడా కాదు. చేసిందల్లా మెలికలు తిరగడం. పోయిందనుకుంటే వెనక్కి వచ్చింది, మళ్లీ పోయి మళ్లీ వచ్చింది. పదిహేను రోజులు. గాలి వేగం బట్టి పెట్టే తరగతుల్లో దానికి గొప్ప స్థానం లేదు. దీవిలో పాతికమంది చనిపోయారు, చాలామంది కొండ విరిగిపడి. గాలి ఎంత అని మాత్రమే అడిగేవాళ్లకు యాసాంత్ ఎప్పటికీ అర్థం కాదు.

ఇంతసేపూ కొండ వానను ఏం చేస్తుందో చెప్పాను. తుపానునే ఏం చేస్తుంది? అది కూడా చెప్పాలి.

తుపానుకు బలం వెచ్చటి సముద్రం నుంచి వస్తుంది. కొండ మీదకు వస్తే ఆ దారి తెగిపోతుంది, కింది పొరల్లో సుడి చెదిరిపోతుంది. తైవాన్‌లో ఉత్తరం నుంచి దక్షిణం దాకా నడుమ ఒక పర్వతశ్రేణి ఉంది, అందులో యూషాన్ 3,952 మీటర్లు. తూర్పు నుంచి వచ్చే తుపానులు ఆ గోడ దగ్గర దారి మార్చుకుంటాయి, కొన్ని తీరం ఎక్కే ముందు గిర్రున మెలిక తిరుగుతాయి. కొన్నిసార్లు సుడి కొండకు ఇవతల ఆగిపోయి, అవతలి వైపు కొత్త కేంద్రం పుడుతుంది. ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం అక్కడి వాతావరణ శాఖకు ఎంత టెన్షనో ఆలోచించండి.

2009 ఆగస్టులో మొరాకోట్ వచ్చింది. తూర్పు తీరంలో నేల ఎక్కింది. అప్పటికి దాని గాలి పెద్ద లెక్కలోది కాదు. తైవాన్ అంతకుముందు వానలు లేక ఎదురుచూస్తోంది, కాస్త నీళ్లొస్తాయని సంతోషించినవాళ్లూ ఉన్నారు. తుపాను కొండల దగ్గర నెమ్మదించింది. దాని సుడి నైరుతి ఋతుపవనాన్ని తన వైపు లాక్కుంది. ఆ తడిగాలి పోయి తగిలింది ఎక్కడ? తుపాను ఎక్కిన తూర్పు తీరంలో కాదు. దానికి పూర్తిగా వెనక వైపు, నైరుతి వాలులో. ఆలిషాన్ కొండల మీద నాలుగైదు రోజుల్లో 2,800 మి.మీ. దాటింది. ఆగస్టు 9 పొద్దున షావోలిన్ అనే ఊరి పైన కొండ విరిగి ఊరి మీద పడింది. ఆ ఒక్క ఊళ్లోనే నాలుగు వందలమందికి పైగా మట్టి కింద పోయారు. వాళ్లను చంపిన తుపాను వాళ్ల వైపు తీరం దాటలేదు.

హైతీలో 2004 సెప్టెంబరులో ఇంకా ఘోరం. జీన్ అనే తుపాను. హైతీ ఉన్న హిస్పానియోలా దీవిలో మూడు వేల మీటర్ల కొండలున్నాయి. ఆ కొండలు జీన్‌ను బలహీనపరిచాయి, అది ఉత్తరంగా పక్కనుంచి పోయింది. హైతీ మీద కేంద్రం పోలేదు. కానీ వాన కొండల మీద కురిసింది. చెట్లన్నీ బొగ్గు కోసం కొట్టేసిన బోడి కొండలు అవి. నీళ్లు, బురద కలిసి గొనాయివ్ పట్టణం మీద పడ్డాయి. మూడు వేలమంది దాకా చనిపోయారు. కొండ తుపాను గాలిని తగ్గించింది, అది నిజం. ఆ తగ్గింపు గొనాయివ్‌కు ఏ మేలూ చేయలేదు.

కొండకు అవతలి వైపు ఉంటే క్షేమమా అని మీకు అనిపించవచ్చు. వాన వరకు కొంత నిజమే. గాలి వరకు కాదు. కొండ మీంచి దూకే గాలి కొన్నిచోట్ల, ముఖ్యంగా లోయ నోళ్ల దగ్గర, ఎదురు వైపు కంటే జోరుగా తగులుతుంది.

కొండ చిన్నదైతే? మారిషస్ చూద్దాం. అక్కడ అన్నిటికంటే ఎత్తయినది 828 మీటర్లు. అయినా నడుమ పీఠభూమిలో క్యూర్‌పీప్ వైపు మూడు, నాలుగు వేల మి.మీ. వాన, పడమటి తీరంలో వెయ్యి లోపు. రాజధాని పోర్ట్ లూయీ మూడు పక్కలా కొండల నడుమ ఉంది. 2013 మార్చి 30న తుపాను లేదు, ఏమీ లేదు. కొద్ది గంటల్లో 150 మి.మీ. వాన పడింది. వాలు మీంచి నీళ్లన్నీ ఊళ్లోకి దిగాయి. రేవు దగ్గర రోడ్డు కింద నడిచేవాళ్ల సొరంగదారి ఒకటి ఉంది, అందులో ఉన్నవాళ్లు బయటికి రాలేకపోయారు. మొత్తం 11 మంది చనిపోయారు. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న దేశం అది.

ఇప్పుడు మన డెల్టాను, ఆ దీవుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1839లో కోరంగిని ముంచింది, 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, చాలా దూరం చదును. గాలి నెట్టిన నీరు ఎటూ పోలేక ఊళ్ల మీదకు వస్తుంది. రీయూనియన్ లాంటి అగ్నిపర్వత దీవికి తీరం దాటగానే సముద్రం నిలువునా లోతు. అక్కడ పెద్ద అలలు కొడతాయి గానీ మన దివిసీమ ఉప్పెన లాంటిది లేవదు. అక్కడి చావు కొండ వైపు నుంచి వస్తుంది. అందుకే ఆ దీవిలో గాలికి ఇచ్చే తుపాను హెచ్చరిక వేరు, భారీ వానకు ఇచ్చే హెచ్చరిక వేరు. తుపాను హెచ్చరిక ఎత్తేశాక కూడా వాన హెచ్చరిక ఉండవచ్చు. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. మన వాతావరణ శాఖ కూడా జిల్లాలవారీగా వానకు రంగుల హెచ్చరికలు ఇస్తోంది. మనమే గాలి అంకె విని టీవీ కట్టేస్తున్నాం.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు అడగండి.

(ఒక శ్రోత: మాది పార్వతీపురం వైపండి. మా తూర్పు కనుమలకు కూడా ఇదంతా వర్తిస్తుందా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. వర్తిస్తుంది. మీ కొండలు మూడు వేల మీటర్లు కావు, మహేంద్రగిరి 1,500 మీటర్లు, అరమకొండ 1,680. కానీ సముద్రానికి దగ్గరగా నిటారుగా ఉన్నాయి. మన తుపానులు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. అంటే తుపాను ఎక్కడ తీరం దాటితే దానికి ఉత్తరాన గాలి సముద్రం మీంచి కొండ వైపు వీస్తుంది, దక్షిణాన కొండ మీంచి సముద్రం వైపు. విశాఖలో తీరం దాటే తుపానుకు కొండ ఎక్కే తడిగాలి మీ వైపు ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో అందరం చూశాం, గాలి చేసిన పని అది. ఉత్తరాన ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో వేరే కథ జరిగింది. వాన తట్టుకోలేక గుహలాంటి చోట తలదాచుకున్న గిరిజనుల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. తుపాను నేల ఎక్కి బలహీనపడుతూనే ఉంది, వార్తల్లో అదే చెబుతున్నారు. ఆ కొండల నీళ్లు మాత్రం మర్నాటికి వంశధారలో దిగి శ్రీకాకుళం జిల్లా ఊళ్లను ముంచాయి. కాబట్టి మీ వైపువాళ్లు తీరం దాటిందన్న వార్తతో ఊరుకోకుండా, ఆ రాత్రి పై కొండల్లో ఎంత వాన పడింది, నాగావళి, వంశధార ఎగువన నీటిమట్టం ఎంత ఉంది, ఈ రెండూ అడిగి తెలుసుకోండి. ఎగువన పడిన వాన మీ గట్టు దగ్గరకు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. సామాను సర్దుకోవడానికి, పశువుల కట్లు విప్పడానికి ఆ గంటలు సరిపోతాయి.